అంగిట్లో నొప్పి లేని గడ్డ: రెండు ల్యాబ్‌లు రెండు రకాలుగా చెప్తే ఏది నమ్మాలి?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను. పలమనేరు దగ్గర పల్లెలో ఉండే మీ అమ్మగారికి 54 ఏళ్ళు. వక్కాకు అలవాటు లేదు, పొగాకు ముట్టింది లేదు. ఏడాదిన్నరగా అంగిట్లో కుడివైపు, వెనకగా, చెనిక్కాయ గింజంత గడ్డ ఉంది, నొప్పి లేదు. పంటి డాక్టరు గారు పన్ను చీము అనుకుని పై దవడ పన్నుకు రూట్ కెనాల్ చేశారు, గడ్డ ఉన్నచోటే ఉంది. తర్వాత ముక్క తీసి పంపితే మొదటి ల్యాబ్ 'ప్లియోమార్ఫిక్ అడినోమా' అని రాసింది, అంటే క్యాన్సర్ కాని గడ్డ. అవే స్లైడ్లు ఇంకో ల్యాబ్‌లో చూపిస్తే 'సజెస్టివ్ ఆఫ్ అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా' అన్నారు, అంటే క్యాన్సర్. ఏది నమ్మాలి, మళ్ళీ ముక్క తీయించాలా, ఏ అలవాటూ లేని మనిషికి నోటి క్యాన్సర్ ఎలా వస్తుంది, అమ్మకు చెప్పాలా అని అడిగారు.

నేను ఓరల్ పాథాలజిస్ట్‌ని. నోట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసి రిపోర్టు రాయడమే నా పని, తిరుపతిలో 19 ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను. మీ అమ్మగారి స్లైడు నేను చూడలేదు కాబట్టి అది ఫలానా జబ్బని ఇక్కడ చెప్పను, చెప్పే వాళ్ళ మాట మీరూ వినకండి. కానీ ఇప్పుడేం చేయాలో మాత్రం సూటిగా చెప్పగలను.

రెండు రిపోర్టుల్లో దేన్నీ ఇప్పుడే ఖాయం అనుకోవద్దు. మళ్ళీ కత్తి పెట్టించే ముందు, ఇప్పటికే తీసిన ముక్క తాలూకు పారాఫిన్ బ్లాక్ (ముక్కను మైనంలో పెట్టి దాచిన చిన్న పెట్టె), స్లైడ్లు రెండూ తీసుకుని తల, మెడ క్యాన్సర్లు రోజూ చూసే పాథాలజిస్ట్ ఉన్న పెద్ద ఆస్పత్రికి వెళ్ళండి. ఆ పని జరుగుతుండగానే కాంట్రాస్ట్‌తో ఎమ్మారై తీయించండి. అన్నిటికంటే ముఖ్యం, ఈ విషయం తేలేదాకా "చిన్న గడ్డే కదమ్మా, పది నిమిషాల్లో గీకి తీసేస్తాను" అనే వాళ్ళ కుర్చీలో మీ అమ్మగార్ని కూర్చోబెట్టకండి. ఎందుకో కింద చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

అలవాట్ల సంగతి ముందు. నోటి క్యాన్సర్లలో నూటికి తొంభైకి పైగా స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే రకం. అది నోటి లోపలి పైపొరలో పుడుతుంది, పొగాకు, వక్క, గుట్కా, మద్యం దాని స్నేహితులు. అంగిలి విషయానికే వస్తే శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్టను తిప్పి, నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది, అక్కడి ఆడవాళ్ళకు అంగిట్లో వచ్చే క్యాన్సర్ చాలావరకు దీనివల్లే. మన చిత్తూరు వైపు ఆ అలవాటు లేదు, ఇక్కడ చెంప లోపల వచ్చేవి ఎక్కువ. మీ అమ్మగారి రిపోర్టులో ఉన్న పేరు వేరే జాతిది. నోటి పొర కింద ఆవగింజంత లాలాజల గ్రంథులు 600 నుంచి 1000 దాకా ఉంటాయి. గట్టి అంగిలి పోయి మెత్తని అంగిలి మొదలయ్యే దగ్గర, రెండు పక్కలా ఇవి గుంపుగా ఉంటాయి. ఆ గ్రంథుల్లో పుట్టే గడ్డలకు పొగాకుతో పనిలేదు. అందుకే "మాకు ఏ అలవాటూ లేదు కదా" అన్న మాట ఇక్కడ ధైర్యం ఇవ్వదు, ఆ మాట నమ్మే చాలామంది ఏడాది, రెండేళ్ళు ఆలస్యం చేస్తారు.

గడ్డ ఎక్కడుందన్నది కూడా సగం కథ చెప్తుంది. అంగిట్లో నడిమధ్యన, రాయిలా గట్టిగా, ఎప్పట్నుంచో ఉంటే అది చాలావరకు ఎముక బుడిపె, దాన్ని టోరస్ అంటాం, భయం లేదు. ముందు పళ్ళ వెనక నడిమధ్యన ఈ గ్రంథులు ఉండవు కాబట్టి అక్కడ గ్రంథి గడ్డ అనే అనుమానం తక్కువ. వెనకగా, ఒక పక్కకు, నున్నటి పొర కింద మెల్లగా పెరిగే గడ్డ అంటే మాత్రం నేను కుర్చీ ముందుకు జరుపుకుంటాను. చెవి కింద ఉండే పెద్ద లాలాజల గ్రంథిలో వచ్చే గడ్డల్లో ఐదింట నాలుగు దాకా మంచివే. నోట్లోని చిన్న గ్రంథుల్లో వచ్చేవాటిలో సగమో, అంతకు పైగానో క్యాన్సర్లు. గ్రంథి ఎంత చిన్నదైతే అనుమానం అంత పెద్దది అని మా ప్రొఫెసరు గారు చెప్పేవారు, ఇప్పుడు నేనూ పిల్లలకు అదే చెప్తున్నాను.

ఇక రూట్ కెనాల్ చేసిన డాక్టరు గారి మీద కోపం పెట్టుకోకండి. పై దవడలో వెనకుండే మొదటి నమిలే పన్నుకు (మోలార్) మూడు వేర్లుంటే ఒకటి అంగిలి వైపే దిగుతుంది, దానికి చీము పడితే సరిగ్గా మీరు చెప్పిన చోటుకు దగ్గర్లోనే ఉబ్బుతుంది. ఆ అనుమానం తప్పు కాదు. కానీ రూట్ కెనాల్‌కు ముందు ఆ పన్ను బతికుందా చచ్చిందా చూడాలి. ఐస్ ముక్క ఆనిస్తే జివ్వుమంటే పన్ను బతికున్నట్టే, బతికున్న పన్ను వేరు కొన దగ్గర మామూలుగా చీము గడ్డ ఉండదు. చీము గడ్డ పెరుగుతుంది, తగ్గుతుంది, సలుపుతుంది, ఒక్కోసారి పగిలి ఉప్పగా కారుతుంది. ఏడాదిన్నరగా ఒకే తీరుగా, తగ్గకుండా, నొప్పి లేకుండా ఉన్నది పన్ను పని అయ్యుండదు. రూట్ కెనాల్ అయిపోయి మూడు వారాలైనా గడ్డ తగ్గలేదంటే ఇంకో పన్ను వైపు చూడకూడదు, ముక్క తీయాలి. పుండు అయితే రెండు వారాలే గడువు. కట్టుడు పళ్ళు పెట్టుకునే పెద్దవాళ్ళలో ఇంకో గుర్తు ఉంటుంది. "ఈ పళ్ళ సెట్టు ఇన్నాళ్ళు బాగుండె, ఇప్పుడు లేచిపోతా ఉండాది" అంటారు. సెట్టు అరిగిందని కొత్తది చేసే ముందు దాన్ని తీసి కింద అంగిలి చూడాలి.

ఇప్పుడు అసలు విషయం, రెండు ల్యాబ్‌లు ఎందుకు తేడాగా చెప్పాయి. వాళ్ళలో ఒకరు దొంగ, ఒకరు దొర అనుకోవద్దు. ఈ రెండు జబ్బులూ చిన్న ముక్కలో ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమాను మైక్రోస్కోప్ కింద చూస్తే గుంతపొంగణాల పెనం గుర్తొస్తుంది. నల్లటి కణాల మధ్యన గుండ్రటి గుంతలు, ఒక్కో గుంతలో లేత నీలిరంగు జిగురు. మేం దీన్ని క్రిబ్రిఫామ్ అంటాం, జల్లెడ అన్నమాట. కానీ అన్ని చోట్లా ఇలాగే ఉండదు, కొన్ని చోట్ల సన్న గొట్టాల్లా, కొన్ని చోట్ల గుంతలేవీ లేకుండా గట్టి ముద్దలా ఉంటుంది. ముద్దలా ఉన్న భాగం ఎక్కువయ్యే కొద్దీ జబ్బు మొండిది. ప్లియోమార్ఫిక్ అడినోమాలో గొట్టాలు, జిగురు, మృదులాస్థిలాంటిది అన్నీ కలగాపులగంగా ఉంటాయి, అందులోనూ అక్కడక్కడా జల్లెడ కనిపించొచ్చు. మీ అమ్మగారి ముక్క మూడు మిల్లీమీటర్లని రాశారు. గుప్పెడు బియ్యంలో ఒక్క గింజ చూసి ఇది బీపీటీనా సోనామసూరా అని అడిగినట్టు ఉంటుంది మా పరిస్థితి. మూడో జబ్బు ఇంకోటుంది, పాలిమార్ఫస్ అడినోకార్సినోమా అని, అదీ అంగిలినే ఇష్టపడుతుంది, అదీ క్యాన్సరే, కానీ సాధారణంగా నెమ్మదైనది. మీ రెండు రిపోర్టుల్లోనూ దీని పేరు లేదు గానీ, మళ్ళీ చూసేవాళ్ళు దీన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి.

తేడా తేల్చేది ఎక్కువగా రెండు సంగతులు. గడ్డ తన హద్దులో ఉందా, పక్కనున్న కొవ్వులోకి, కండలోకి చొచ్చుకుపోయిందా అన్నది ఒకటి. నరం రెండోది. అడినాయిడ్ సిస్టిక్‌కు నరాలంటే పిచ్చి. దండెం తాడు పట్టుకుని చీమల బారు పోయినట్టు, నరం చుట్టూ చేరి దాని వెంబడే పాకుతుంది. అంగిలి నరం పైకి వెళ్ళి పుర్రె అడుగు దాకా చేరుతుంది కాబట్టి ఈ జబ్బు కూడా అటే దారి పడుతుంది. ముక్కలో నరం చుట్టూ కణాలు కనిపిస్తే ప్లియోమార్ఫిక్ అడినోమా అనే మాట అక్కడితో ఆగిపోతుంది. మూడు మిల్లీమీటర్ల పైపై ముక్కలో హద్దూ ఉండదు, నరమూ ఉండదు.

ఈ నరం సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది తక్కువ, తప్పు చేసి నేర్చుకున్నది ఎక్కువ. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో శ్రీకాళహస్తి వైపు నుంచి ఒకాయన ముక్క వచ్చింది. కాగితం మీద 'అంగిట్లో వాపు' అని రెండే రెండు మాటలు. బియ్యపు గింజంత ముక్క. చూశాను, గొట్టాలు కనిపించాయి, కొంచెం జిగురు కనిపించింది, ప్లియోమార్ఫిక్ అడినోమా అని రాసి సంతకం పెట్టాను. వాళ్ళు గడ్డను గీకి తీసేశారు. రెండేళ్ళ తర్వాత అదే మనిషి ముక్క మళ్ళీ నా దగ్గరికే వచ్చింది, ఈసారి నరం చుట్టూ ఉంగరం తొడిగినట్టు కణాలు. బీరువాలోంచి పాత స్లైడు తీసి పక్కన పెట్టి చూస్తే, ఒక మూలన జల్లెడ ఉంది. అప్పుడూ ఉంది, నేనే చూడలేదు. ఆయనకు ఫోన్ చేసి మాట్లాడితే చెప్పాడు, "నొప్పి ఎప్పుడూ లేదు సార్, మొదట్నుంచి ఆ పక్కంతా సున్నం పూసినట్టు మొద్దుగా ఉండాది, సంగటి ముద్ద వేడిగా ఉన్నా తెలీదు" అని. ఆ ఒక్క ముక్క ఆరోజు కాగితం మీద ఉండుంటే నేను ఇంకో పది స్లైడ్లు కోయించి చూసేవాణ్ని. అప్పట్నుంచీ అంగిలి ముక్క ఏది వచ్చినా, పంపిన డాక్టరుకో పేషెంటుకో ఫోన్ చేయకుండా రిపోర్టు ఇవ్వను.

అందుకని మీరు ఇవాళే ఇంట్లో ఒక పని చేయండి. దూదిని సన్నగా వత్తిలా మెలిపెట్టి, అమ్మగారిని కళ్ళు మూసుకోమని, అంగిట్లో ఎడమ, కుడి మార్చి మార్చి ఆనించండి. తర్వాత కంటి కింద చెంప, పై పెదవి, ముక్కు పక్కన. "రెండు పక్కలా ఒకేలా తెలుస్తోందా?" అని అడగండి. "నొప్పి ఉందా" అని మాత్రం అడిగితే లేదనే చెప్తారు, అది వేరే ప్రశ్న. ఒక పక్క మొద్దుగా ఉందంటే ఆ మాట కాగితం మీద రాసుకుని డాక్టరుకు మొదట అదే చెప్పండి. తేడా లేకపోయినా క్యాన్సర్ కాదని అర్థం కాదు, అది గుర్తుంచుకోండి.

రిపోర్టు భాష గురించి ఒక మాట. మేం రాసే ఇంగ్లిష్ ముక్కలకు బరువులు వేరు. 'కన్సిస్టెంట్ విత్' అంటే దాదాపు అదే అనుకుంటున్నాను అని. 'సజెస్టివ్ ఆఫ్' అంటే అనుమానం గట్టిగా ఉంది గానీ సంతకం పెట్టేంత సరుకు ముక్కలో లేదని. 'కెనాట్ బీ రూల్డ్ అవుట్' అంటే కాదని చెప్పలేను అని. మీ రెండో రిపోర్టులో ఉన్నది మధ్యది, కింద ఐహెచ్‌సీ చేయించమని కూడా రాశారన్నారు. అంటే ఆ పాథాలజిస్ట్ తన హద్దు తాను చెప్పాడు, నాకు ఆ రిపోర్టు మీద గౌరవం పెరిగింది. మొదటి రిపోర్టు చివర్లో ముక్క చిన్నది, పైపైది అని ఒక లైను ఉందన్నారు కదా, ఎవరూ చదవని ఆ లైనే దాంట్లో ముఖ్యమైనది.

ఐహెచ్‌సీ అంటే అదే బ్లాక్ నుంచి కొత్త పొరలు కోసి, కొన్ని ప్రోటీన్లకు రంగు పట్టించి చూడటం. అడినాయిడ్ సిస్టిక్‌లో సీడీ117 ఒక రకం కణాలకు, పీ63, పీ40 ఇంకో రకం కణాలకు పడతాయి, అంటే రెండు జాతుల కణాలు పక్కపక్కనే కాపురం ఉన్నట్టు తెలుస్తుంది. పాలిమార్ఫస్‌లో పీ63 పడి పీ40 పడకపోవడం మామూలుగా కనిపించే తీరు. ఎంవైబీ అనే జన్యువు చోటు మారి వేరే చోట అతుక్కుందా అని చూసే పరీక్ష కూడా ఉంది, ఈ మార్పు అడినాయిడ్ సిస్టిక్‌లో ఉందని 2009లో బయటపడింది. ఉంటే రోగ నిర్ధారణకు గట్టి ఊతం, లేకపోతే మాత్రం ఏమీ తేలదు, ఎందుకంటే ఈ మార్పు లేని అడినాయిడ్ సిస్టిక్‌లు కూడా చాలా ఉన్నాయి. ఏ రంగూ ఒంటరిగా జబ్బు పేరు చెప్పదు. ప్లియోమార్ఫిక్ అడినోమాలోనూ సీడీ117 అక్కడక్కడా పడుతుంది. రంగుల లిస్టు చూసి ఎవరో రాసిన రిపోర్టు కంటే, మామూలు పింకు, ఊదా రంగు స్లైడును అరగంట కూర్చుని చూసిన రిపోర్టును నేను ఎక్కువ నమ్ముతాను.

బ్లాక్ అంటే ఏంటో తెలియక చాలామంది కాగితం పట్టుకుని తిరుగుతారు. మీ అమ్మగారి ముక్కను మైనంలో పెట్టి, చిన్న ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, నంబరు వేసి ల్యాబ్‌లో దాచి ఉంటారు. అడిగితే సంతకం తీసుకుని ఇస్తారు. ఫలానా ఆస్పత్రిలో చూపించుకోవడానికి కావాలని ఒక లెటరు రాసి పట్టుకెళ్ళండి. స్లైడ్లు గాజువి, చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కకండి. బ్లాక్ మైనం సుమారు 56 నుంచి 60 డిగ్రీలకు కరిగిపోతుంది. మే నెలలో తిరుపతి ఎండలో బైకు డిక్కీలో, కారు అద్దం ముందు పెట్టారంటే అయిపోయినట్టే. ఒకాయన అలాగే తెచ్చాడు, పెట్టె తెరిస్తే మైనం జారి ఒక పక్కకు గడ్డకట్టి ఉంది. అదృష్టం, ముక్క లోపలే ఉంది, మళ్ళీ పోత పోసుకున్నాం.

బ్లాక్‌లో ముక్క చాలకపోతేనే మళ్ళీ బయాప్సీ. ఆ బయాప్సీ, తర్వాత ఆపరేషన్ చేయబోయే ఆస్పత్రిలోనే చేయించండి. వీలైతే ఎమ్మారై ముందు, ముక్క తర్వాత, లేదంటే ముక్క తీసిన వాపు కూడా స్కాన్‌లో గడ్డలాగే కనిపించి తికమక పెడుతుంది. పైపొర బాగున్న చోట, గడ్డ మధ్యలోంచి లోతుగా తీయాలి, పుండు పడ్డ పైభాగం గీరి పంపితే మాకు చీము కణాలు తప్ప ఏమీ కనిపించవు. తీసిన ముక్కను దాని పరిమాణానికి పదింతలు ఫార్మలిన్‌లో (ముక్క కుళ్ళకుండా ఉంచే ద్రవం) వేయాలి. చెప్తే నవ్వుతారు గానీ, నాకు ముక్కలు సెలైన్‌లో వచ్చాయి, స్పిరిట్‌లో వచ్చాయి, ఒకసారి చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్‌లో వచ్చింది. సెలైన్‌లో ఒక రాత్రి నానిన ముక్క ఉడికించిన టమాటాలా చెదిరిపోతుంది, దాని మీద ప్రపంచంలో ఏ పాథాలజిస్టూ ఏమీ చెప్పలేడు. డబ్బాలో ఏం పోస్తున్నారని అడగడానికి మొహమాటపడకండి. సూదితో పీల్చి చూసే ఎఫ్ఎన్ఏసీ మెడలో గడ్డకు మంచిదే గానీ, అంగిట్లో ఈ మూడు జబ్బుల తేడా తేల్చడానికి దాన్ని నమ్ముకోలేం.

కత్తి పెడితే పాకుతుందని మీ మామయ్య అన్నారని రాశారు. ఇలా ప్రతి ఇంట్లో ఒక మామయ్య ఉంటారు. పద్ధతిగా చిన్న ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు, దాని పేరు తెలియకుండా గడ్డంతా గీకి తీయడమే ప్రమాదం. గీకినప్పుడు అంచుల్లో కణాలు మిగిలిపోతాయి, తర్వాత అసలు హద్దు ఏదో సర్జనుకు తెలియకుండా పోతుంది. శ్రీకాళహస్తి ఆయనకు జరిగింది అదే. ఇక పసరు వైద్యం అన్న మాట కూడా వచ్చిందన్నారు. పుత్తూరు కట్టు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, చేయి విరిగితే మా నాన్నే వెళ్ళారు, కానీ అంగిట్లో గడ్డకు ఆకు పసరు రాస్తే పైపొర కాలి పుండవుతుంది, ఉన్న జబ్బుకు తోడు నాకు చూడ్డానికి పనికిరాని ముక్క తయారవుతుంది.

అనుమానం రెండో వైపుకూ ఉండాలి, అందుకే ఇంకో కేసు చెప్తాను. పాతికేళ్ళ అబ్బాయి, అంగిట్లో లోతైన పుండు, అంచులు లేచి చూడ్డానికే భయంగా ఉంది. బయట ఒక ల్యాబ్‌లో క్యాన్సర్ అని రాశారు, ఇంట్లో ఏడుపులు, చెన్నై వెళ్ళడానికి పొలం తాకట్టు మాటలు కూడా అయ్యాయి. స్లైడు తెచ్చారు. గ్రంథుల ఆకారం చెక్కుచెదరలేదు, లోపల కణాలు మాత్రం చచ్చి, గొట్టాల్లో పైపొర లాంటి కణాలు నిండి ఉన్నాయి. "ఈ మధ్య పంటికి ఇంజెక్షన్ వేయించుకున్నావా?" అని అడిగితే, రెండు వారాల కింద పన్ను పీకించుకున్నానన్నాడు. దాన్ని నెక్రోటైజింగ్ సయాలోమెటాప్లేసియా అంటారు, 1973లో తొలిసారి వర్ణించారు. ఆ చోట రక్తం ఆడక గ్రంథి చచ్చిపోయి పుండు పడుతుంది, క్యాన్సర్‌లా కనిపిస్తుంది, దానంతటదే మానిపోతుంది. వారం వారం వచ్చి చూపించుకోమన్నాం, ఆరు వారాలకు పూర్తిగా మానింది. మీ అమ్మగారిది పుండు కాదు, ఏడాదిన్నర గడ్డ, కాబట్టి ఇది అయ్యే అవకాశం లేదు. స్లైడ్లు రెండోసారి చూపించడం ఎందుకు దండగ ఖర్చు కాదో చెప్పడానికే ఇది రాశాను.

స్కాన్ల సంగతి క్లుప్తంగా. ఎమ్మారై నరం దారి చూడ్డానికి, సీటీ ఎముక తిన్నదా అని చూడ్డానికి. క్యాన్సర్ ఖాయమైతే ఛాతీ సీటీ కూడా తప్పదు, ఎందుకంటే ఇది మెడ గ్రంథుల్లోకి వెళ్ళడం కంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడం ఎక్కువ, అదీ ఒక్కోసారి పదేళ్ళ తర్వాత. అందుకే ఐదేళ్ళు బాగుంటే గండం గడిచిందని ఈ జబ్బులో అనుకోరు, జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి. వైద్యం చాలావరకు ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. అంగిట్లో తీసిన చోట రంధ్రం పడితే దాన్ని మూసే పలక చేసి పెడతారు, దాంతో తినొచ్చు, మాట్లాడొచ్చు. ఇది నెమ్మదిగా పెరిగే జబ్బు కాబట్టి సరిగ్గా తేల్చుకోవడానికి రెండు మూడు వారాలు పట్టినా కొంపలు మునగవు. పండగ అయ్యాక చూద్దాం, కోతలు అయ్యాక చూద్దాం అని ఆరు నెలలు చేయకండి, అంతే.

ఎక్కడికి అంటే, తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్స్ వాళ్ళు కట్టిన శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ ఆస్పత్రి 2022 నుంచి ఉంది. మీకు పలమనేరు నుంచి చిత్తూరు మీదుగా రాయవేలూరు సీఎంసీ కూడా దూరం కాదు. చెన్నైలో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచి ఈ పనిలో ఉంది. ఎక్కడికి వెళ్ళినా ఒకటే అడగండి: "మా కేసు ట్యూమర్ బోర్డులో పెడతారా?" సర్జన్, రేడియేషన్ డాక్టర్, పాథాలజిస్ట్, స్కాన్ చూసే డాక్టర్ ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకునే మీటింగ్ అది. ఇలాంటి అరుదైన జబ్బులో దాని విలువ మీకు తర్వాత తెలుస్తుంది. పాత ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే మొదటి రోజే కౌంటర్‌లో అడిగి, ఏది వస్తుంది, ఏది సొంతంగా కట్టాలి అని రాయించుకోండి. మన రాష్ట్రం కార్డు పక్క రాష్ట్రంలో చెల్లుతుందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి.

చివరిది, అమ్మకు చెప్పాలా అని. తేలనిదాన్ని క్యాన్సర్ అని ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఏమీ లేదని అబద్ధమూ చెప్పక్కర్లేదు. "గడ్డ ఏ రకమో ఇంకా తేలలేదమ్మా, పెద్ద డాక్టరుకు స్లైడు చూపించాలంట" అంటే చాలు, అది నిజమే కదా. మీకు తెలియకుండానే ఆమెకు సగం తెలిసి ఉంటుంది. పోయిన ఏడాది ఒక పెద్దావిడ నా టేబుల్ ముందు కూర్చుని, కొడుకు బయటికి ఫోన్ మాట్లాడ్డానికి వెళ్ళగానే, "మావోడు రెండు నెలల్నుంచి నాతో గట్టిగా మాట్లాడ్డం లేదు సార్, అప్పుడే తెలిసింది నాకు. వాడికి చెప్పొద్దు, దిగులు పడతాడు" అంది.